ఫోన్లోంచి వచ్చిన గాలి

పొద్దున్నే గిన్నెలు తోమడం అయ్యాక అత్తగారు చేసే మొదటి పని, పాత తువ్వాలొకటి మడతలు పెట్టి కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద పరిచి, దాని మీద కోడలి ఫోను పెట్టడం. తువ్వాలు లేకుండా ఫోనెత్తితే ఆ ఇంట్లో ఏదో ఒకటి తడిసేది. అవతల మాట్లాడే మనిషి ఉన్నచోట వాన పడుతుంటే ఇవతల ఫోన్లోంచి చినుకులు రాలేవి. అక్కడ ఉల్లిపాయలు వేగుతుంటే ఇక్కడ గదంతా అదే వాసన. ఇదేమీ ఈ ఫోనుతో మొదలైంది కాదు. గోడకి తగిలించిన నల్ల ఫోను ఉన్న రోజుల్లోనూ ఇంతే. కొన్ని ఇళ్లలో కుళాయి కారుతుంది, కొన్ని ఇళ్లలో తలుపు పట్టేస్తుంది, వీళ్లింట్లో ఫోను ఇలాగ.

అత్తగారికి దీన్ని వాడుకోవడం బాగా తెలుసు. ఎండలు మండిపోయే రోజుల్లో ఆవిడ పనిగట్టుకుని చలి ఊళ్లో ఉండే పెద్దకూతురికి ఫోను కలపమనేది. మాటలు అయిపోయినా "ఇంకేంటి, ఇంకేంటి" అంటూ గది చల్లబడేదాకా ఆ పిల్లని వదిలేది కాదు. కొడుకు లిఫ్టు మెకానిక్కు. అతను పని మధ్యలో ఫోను చేస్తే గ్రీజు కంపుతో పాటు లిఫ్టు గొయ్యిలోంచి పైకి తన్నే గాలి కూడా వచ్చేది, ఫోను పట్టుకున్న వేళ్లు నల్లబడేవి. అందుకే తెల్లబట్ట మిషనెక్కిన రోజున అతను భార్యకి ఫోను చేయడం నిషేధం.

కోడలు దర్జీ. అయితే కొత్తబట్టలు కుట్టే దర్జీ కాదు, జనం కొనుక్కున్న బట్టల్ని వాళ్ల ఒంటికి సరిచేసే దర్జీ. నడుం తగ్గించడం, చేతులు విప్పి మళ్లీ కుట్టడం, అంచులు మడవడం. ఒక పెద్ద బట్టల కొట్టులో మెట్ల కింద మూలన కూర్చుని ఏళ్ల తరబడి అదే పని చేసింది. ఈమధ్య కొట్టువాళ్లకి ఆ మూలన అద్దాల బీరువా పెట్టుకోవాలని బుద్ధిపుట్టి, ఆమెని పంపించేశారు. అప్పట్నుంచి ఇంట్లోనే కుట్టు. వస్తే ఒకేసారి నాలుగు వచ్చి పడతాయి, లేకపోతే బోసిగా మిషను, దాని ముందు ఆమె.

పని లేని రోజున ఆమెకి కాలు నిలవదు. కత్తెర తీస్తుంది, పెడుతుంది. కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలో పోయేవాళ్ల ప్యాంట్లు చూసి ఎవరికి పొడుగో ఎవరికి పొట్టో తనలో తను తేల్చుకుంటుంది. "కాళ్లకి చక్రాలు కట్టుకున్నావా, కాసేపు కూర్చోరాదూ" అని అత్తగారు కసిరితే కూర్చున్నట్టే కూర్చుని మళ్లీ లేస్తుంది. ఇంట్లో తిండికేం లోటు లేదు. ఆమెకి కావలసింది పని. పొద్దున లేచేసరికి ఎవరో ఒకరు తన కోసం కాచుకుని ఉండాలి. అది లేకపోయేసరికి ఆమెకి తను ఇంట్లో అదనంగా ఉన్నట్టు అనిపించేది, ఆ దిగులు ఎవరికీ చెప్పుకోలేదు.

అలాంటి ఒక రోజున ఆమె ఫోన్లో వీడియో కనబడింది. కొందరు ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని పూసల గొలుసులు గుచ్చుతూ నవ్వుతున్నారు. పూసలు మేం పంపుతాం, మీరు గుచ్చి పంపండి, ఎన్ని పంపితే అన్నీ మేమే కొంటాం, ఇంట్లోంచి కదలకుండా మీ సొంత వ్యాపారం అంది వీడియో. ఆమె తన నంబరు ఇచ్చింది. టీ కాగే లోపే ఫోను మోగింది.

మాట కంటే ముందు చల్లటి గాలి వచ్చింది. దాని వెంట కొత్త కుర్చీల వాసన, అప్పుడే తుడిచిన నున్నటి నేల వాసన. అత్తగారు లోపలికెళ్లి స్వెట్టరు వేసుకొచ్చి మరీ కూర్చుంది. అవతల ఒక అమ్మాయి, గొంతులో తేనె పోసుకున్నట్టు, ఊపిరికొక మేడం చొప్పున అంతా వివరించింది. పూసల పెట్టె రావడానికి ముందు డిపాజిట్ కట్టాలట. మొదటి గొలుసులు అందగానే అది తిరిగి ఇచ్చేస్తారట. ఆ పిల్లకి అత్తగారు అక్కడికక్కడే తేనెగొంతు అని పేరు పెట్టేసింది.

సాయంత్రం ఈ సంగతి విని మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ మొహం చిట్లించాడు.

"పనికి పిలిచినవాడు మనకి డబ్బివ్వాలి గానీ, మన దగ్గర తీసుకోవడమేంటి? ఆ గొలుసులు చివరికి ఎవరు కొంటున్నారో అడుగు. ఆఫీసు ఎక్కడో చెప్పమను, నేనెళ్లి చూసొస్తా."

మర్నాడు ఆమె అడిగింది. కొనేవాళ్లు బయటి దేశాల్లో ఉంటారని, వాళ్ల పేర్లు చెప్పకూడదని, ఆఫీసుకి రావాల్సిన పనే లేదని, అంతా ఆన్‌లైనేనని తేనెగొంతు చెప్పింది. మెకానిక్కు ఫోన్లో ఆ కంపెనీ గురించి వెతికాడు. పొగిడినవాళ్లు చాలామందే కనబడ్డారు గానీ, అందరూ ఒకరి మాటలే ఒకరు ఎత్తి రాసినట్టు పొగిడారు. అతనికి ఒక పట్టాన మింగుడుపడలేదు. అప్పుడు అత్తగారు తీర్పు చెప్పింది.

"మనిషి అబద్ధమాడితే ఆడొచ్చురా. గాలి ఎందుకాడుతుంది? ఆ చల్లదనం నువ్వు చూడలేదు. అంత ఆఫీసు పెట్టుకున్నవాళ్లు దీని డబ్బు తిని ఎక్కడికి పోతారు?"

ఆ మాటకి మెకానిక్కు కూడా తలూపాడు. ఆ ఇంట్లో ఫోను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు గాలి తేలేదు. చలి అంటే చలే, వాన అంటే వానే. తెచ్చిన గాలి నిజమైనంత మాత్రాన ఆ గాలిలో కూర్చున్న కంపెనీ నిజం కానక్కర్లేదని, జనాన్ని ముంచేవాళ్లు కూడా ఏసీ పెట్టుకుంటారని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంకో ఇంట్లో అయితే ఈ పొరపాటు జరగడానికి వీలే లేదు.

డిపాజిట్ కోసం కోడలు తన ఓవర్‌లాక్ మిషను అమ్మేయడానికి సిద్ధపడింది. బట్ట అంచు దారాలు ఊడకుండా బిగించే మిషను అది. కొట్టులో పనిచేసిన రోజుల్లో తన సంపాదనతో తనే కొనుక్కుంది. అది పోతే మామూలు మిషనుతో అతుకుల పని చేసుకోవచ్చు గానీ, ఇక దర్జీనని చెప్పుకోవడానికి మొహం చెల్లదు. పక్కవీధిలో కర్టెన్లు కుట్టే ఆయనకి దాని మీద ఎప్పట్నుంచో కన్ను. కబురు వెళ్లడమే ఆలస్యం, చీకటి పడే లోపు బండి తెచ్చి తీసుకెళ్తానన్నాడు.

ఆ రోజు పొద్దున్నుంచి తేనెగొంతు ఊపిరాడనివ్వలేదు. ఇవాళే ఆఖరు మేడం. మీ చోటు వేరేవాళ్లు అడుగుతున్నారు మేడం. మీ కోసమే ఆపాను మేడం. ఫోను మోగినప్పుడల్లా చల్లగాలికి బల్ల మీద కాగితాలు లేచేవి, కోడలి గుండె కూడా వాటితో పాటే లేచేది. ఆమె మిషను తుడిచింది, నూనె పోసింది, దారం ఎక్కించింది, ఎలాగూ తీసుకుపోతాడు కదా అని దారం తీసేసింది, మళ్లీ ఎక్కించింది. మధ్యలో ఒక పెళ్లికూతురి మీగడరంగు గౌను అంచు మడవాల్సి ఉంది. సూది పట్టుకుంటే చేతి తడికి జారిపోతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మళ్లీ మోగింది. ఈసారి చల్లగాలి రాలేదు. ఉడుకు వచ్చింది. కిటికీ లేని మెట్లదారిలో నిలవున్న ఉడుకు, ఫినాయిలు కంపు. గొంతు మాత్రం అదే తేనె.

"మా దగ్గర చేరినవాళ్లంతా చాలా హ్యాపీగా ఉన్నారు మేడం. నేను కూడా మొదట మీలాగే చేరాను."

ఫోన్లోంచి ఒక చుక్క తువ్వాలు మీద పడింది. తర్వాత ఇంకొకటి. మూడోది పక్కకి జారి గౌను అంచు మీద పడింది. అక్కడేదో వాన పడుతున్నట్టుందని అత్తగారు గౌను పక్కకి లాగింది. కానీ వాన వస్తే తడిమట్టి వాసన రావాలి. అది లేదు. ఆవిడ తువ్వాలు మీది తడి వేలితో అద్ది, కూరలో ఉప్పు చూసినట్టు నాలుకకి తగిలించుకుంది.

"ఉప్పగా ఉందే అమ్మాయ్" అంది.

కోడలు సూది గుచ్చి పక్కన పెట్టింది. తేనెగొంతు ఇంకా చెప్పుకుపోతూనే ఉంది. సాయంత్రం లోపు కట్టేస్తే ఆఫర్ కూడా ఉందట.

"ఏమ్మా," అంది కోడలు, "ఏడుస్తున్నావా?"

అవతల మాట ఆగింది. "లేదు మేడం. సాయంత్రం లోపు..." చుక్కలు ఇంకా వేగంగా పడ్డాయి. తువ్వాలు మీద మరక పెద్దదైంది.

"నువ్వు కట్టిన డబ్బు నీకు తిరిగిచ్చారా?"

తర్వాత వచ్చిన గొంతులో తేనె లేదు. జలుబు చేసిన మామూలు గొంతు.

"ఇంకొంతమందిని చేర్పిస్తే ఇస్తామంటున్నారు. చేర్పించిన కొద్దీ ఇంకొంతమంది అంటున్నారు. ఇంట్లో చెప్పలేదు." ముక్కు చీదింది. "మీరు కట్టకండక్కా. ఫోను పెట్టేయండి."

కోడలికి ఒళ్లు మండింది. మోసపోబోయినందుకు తన మీద, ఇన్నాళ్లూ ఆ ఏసీ గాలికి పొంగిపోయినందుకు ఇంకా ఎక్కువగా తన మీదే. ఆ పిల్లని నాలుగు మాటలనాలని నోటిదాకా వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"ఇప్పుడెక్కడున్నావు?"

"మెట్ల మీదక్కా."

"ఆ మెట్లు కిందికి ఎక్కడికి పోతాయి?"

"వీధిలోకి."

"మరి?"

"నా డబ్బు పైన వాళ్ల దగ్గరుంది కదక్కా."

"కుట్టు వంకరపోయిందని తెలిశాక దాని మీదే ఇంకా కుడతామా తల్లీ? విప్పుతాం. విప్పితే కొంత దారం పోతుంది. పోనీ."

పైనుంచి ఎవరో మగగొంతు గట్టిగా కేకేసింది. లైను తెగిపోయింది. ఉడుకు కాసేపు గదిలోనే తచ్చాడి కిటికీలోంచి పోయింది. అత్తగారు స్వెట్టరు తీసి, ఎవరి వైపూ చూడకుండా మడతపెట్టి, అలమరలో అడుగున దాచేసింది.

సాయంత్రం కర్టెన్లాయన తోపుడుబండితో వచ్చాడు. మిషను అమ్మడం లేదని చెబితే మండిపడ్డాడు. బండి అడిగి తెచ్చుకున్నానని, పని మానుకుని వచ్చానని, ఆడవాళ్ల మాట నమ్మినందుకు తనకి బుద్ధి లేదని గుమ్మంలోనే సణిగాడు. అత్తగారు టీ ఇచ్చింది. సగం తాగేసరికి ఆయన మెత్తబడ్డాడు. ఇస్తామని చెప్పి ఎందుకు మానేశారని అడిగితే కోడలు జరిగింది చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టి, మిషను ఇవ్వకపోతే పోనీ, హోటలువాళ్ల కర్టెన్లు ఇంటినిండా పడున్నాయి, వాటి అంచులైనా కుట్టిపెట్టమన్నాడు. ఖాళీగా పోవాల్సిన బండి అలా కర్టెన్ల మూటలతో తిరిగొచ్చింది. మెకానిక్కు ఇంటికొచ్చి, నేను ముందే చెప్పానుగా అనబోయి, తల్లి చూపు చూసి ఆ మాట గుటకేశాడు. ఆ కంపెనీ మీద ఫిర్యాదు మాత్రం అతనే పెట్టాడు.

పనైతే దొరికింది గానీ కోడలికి కుదురు దొరకలేదు. కుడుతూ కుడుతూ లేచి ఫోను చూసేది. తేనెగొంతు నంబరుకి చేస్తే మోగి మోగి ఆగిపోయేది. గౌను అంచు మీద ఉప్పుమరక ఉతికితే పోయింది. ఆ పిల్ల మళ్లీ ఏసీ గదిలోకి వెళ్లి ఇంకెవరికో మేడం మేడం అని చెబుతూ ఉంటుందా? ఆ ఇంకెవరింట్లోనో చుక్కలు పడవు కదా, వాళ్లకెలా తెలుస్తుంది? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె మిషను ఆపి కిటికీ దాకా వెళ్లి వచ్చేది. చక్రాల సంగతి అత్తగారు ఇప్పుడు ఎత్తడం మానేసింది. ఆవిడ కూడా రోజుకి నాలుగుసార్లు తువ్వాలు తడిమి చూస్తోంది.

ఒక పొద్దున మిషను మీద నీలం కర్టెను సగంలో ఉండగా ఫోను మోగింది. కోడలు ఎత్తింది. అవతల మాట లేదు. ముందు ఫినాయిలు కంపు వచ్చింది, వెనకే ఆ మెట్లదారి ఉడుకు. కోడలు హలో అనలేదు. అత్తగారు చీపురు పట్టుకుని ఎక్కడిదక్కడే నిలబడిపోయింది.

ఉడుకు కొద్దికొద్దిగా పలచబడింది. ఫినాయిలు కంపు తగ్గి, వేయించిన పల్లీల వాసన తేలింది. తర్వాత దుమ్ము, బస్సు పొగ. ఆ తర్వాత ఒక్కసారిగా గాలి. ఏసీ గాలి కాదు, వీధిలో తిరిగే గాలి. బల్ల మీది కాగితాలన్నీ ఎగిరాయి, నీలం కర్టెను బుస్సున పొంగి మిషనుని కప్పేసింది, అత్తగారి జుట్టు చెదిరిపోయింది.

"దిగానక్కా" అంది జలుబు గొంతు.

అత్తగారు చీపురు వదిలి తువ్వాలు మీద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. ఎగిరిన కాగితాలు ఏరి, వాటి మీద కత్తెర పెట్టి, వెళ్లి టీకి నీళ్లు పెట్టింది. ఫోన్లోంచి గాలి అలా వస్తూనే ఉంది. అది తగ్గేదాకా కోడలు కూర్చున్నచోటు నుంచి లేవలేదు.