సీటు జరిపిన ఉదయం

గడ్డిపరక చివర మంచు బొట్టు వణుకుతోంది.

గాలి లేదు. ఆ వణుకు ఇంజనుది.

విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే అది. ఇప్పుడక్కడ కార్ల పందేలు. పగుళ్లలో గడ్డి మొలిచింది. సున్నపు గీత దగ్గర ఎర్ర కారు నిలబడి ఉంది. లోపల కూతురు. బయట, గడ్డిలో, పొడిగుడ్డ పట్టుకుని తండ్రి.

ఆ కారు అతని భార్యది.

ఆమె మెకానిక్. ఎవరో వదిలేసిన బండిని ఇంటికి తెచ్చుకుంది. విప్పింది, బిగించింది, ఇలాంటి గీతల దగ్గర నుంచి ఉరికించింది. అతనికి స్టీరింగు పట్టుకోవడం కూడా రాదు. ఆమె ఎక్కేముందు బూట్ల అడుగులు తుడిచేవాడు — తడికి పెడలు మీద కాలు జారకుండా. అంతే అతని ఉద్యోగం.

ఆమెతోపాటు ఆ ఉద్యోగమూ పోయి రెండేళ్లు.

ఈ ఉదయం మళ్లీ దొరికింది.

ఒక్కొక్కరికీ మూడు అవకాశాలు. కూతురికి రెండు అయిపోయాయి. మొదటిసారి కారు గీత దాటి, దగ్గి, ఆగిపోయింది. రెండోసారి కాస్త కదిలింది... క్లచ్ కాలిన వాసన.

జెండా పట్టుకున్న పెద్దాయన నవ్వాడు. "ఏమ్మా, బండి తోలుతున్నావా, బతిమాలుతున్నావా?"

"రెండూ, బాబాయ్!"

నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఎక్కడ తెగిపోతుందో తండ్రికి తెలుసు. నిన్న భోజనం దగ్గరే చెప్పేసింది — రేపు కూడా ఇది నా మాట వినకపోతే ఇంక ఎక్కను నాన్నా, గుడ్డ కప్పేద్దాం.

గుడ్డ కప్పితే ఇంట్లో ఇంకో చప్పుడు తగ్గుతుంది.

భార్య అన్నం తింటూ చెప్పేది, ఎడమచేతిని పెడలులా ఆడించి చూపిస్తూ. మామూలు కారుకి చక్రాలు జారతాయి, కొంత ఊపు అక్కడ పోతుంది. దీనికి నాలుగు చక్రాలూ నేలను పట్టేస్తాయి. వదలవు. భారమంతా క్లచ్ మీదే. అందుకని ఇంజన్ని ముందు అరవనివ్వాలి. ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో, నిండా గాలి మింగి ఈల వేసేదాకా ఆగాలి. అప్పుడు కాలు ఎత్తాలి — పట్టు దొరికేదాకా గబుక్కున... అక్కడ ఒక్క ఊపిరి... ఆ తర్వాత పూర్తిగా.

"తొందరపడితే ఆగిపోతుంది. భయపడితే కాలిపోతుంది. మధ్యలో చిన్న చోటుంది చూడండీ, అది కాలికే తెలుస్తుంది."

కాలికే.

అతను వంగి కూతురి కాలు చూశాడు.

మోకాలు స్టీరింగుకి ఆనుకుని ఉంది. కాలు ఎత్తిన ప్రతిసారీ అక్కడే అడ్డం. భార్య పొట్టి మనిషి. కూతురిది మేనత్త పోలిక — ఏ గుమ్మం దగ్గరైనా తల వంచాల్సిందే.

సీటు ఇంకా భార్య కూర్చున్న చోటే ఉంది.

తలుపు తీశాడు. "సీటు వెనక్కి జరుపుకోలేదేంటమ్మా?"

కూతురు చూపు దించుకుంది. "నువ్వు బాధపడతావని..."

"నేనా? ఆదివారం ఆదివారం కారంతా తుడిచి ఆ ఒక్కటీ వదిలేస్తున్నాను. నీకు అలాగే ఉండాలేమోనని!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

రెండేళ్లు. ఒకరి కోసం ఒకరు. అంత ఇరుకులో.

"అమ్మ చూస్తే ఏమనేది నాన్నా?"

"ముందు తిట్టేది. తర్వాత స్పానర్ అందివ్వమనేది."

"కబుర్లు అయ్యాయా అయ్యా?" పెద్దాయన కేకేశాడు.

"ఒక్క నిమిషం అన్నా!"

తడిలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. సీటు కింద చెయ్యి పెట్టి మీట కోసం వెతికాడు. తుప్పు పట్టి మొరాయిస్తుందేమో అనుకున్నాడు. మొరాయిస్తే బాగుండునని కూడా... కొంచెం.

లాగాడు.

సీటు జరిగింది. మెత్తగా. చప్పుడు లేకుండా.

వేళ్లకి జిడ్డు తగిలింది. ఆమె రాసిన గ్రీజు. ఇంకా ఆరలేదు.

ఆ చెయ్యి తుడుచుకోలేదు. రెండో చేత్తో, పొడిగుడ్డతో, కూతురి బూట్ల అడుగులు తుడిచాడు. తలుపు వేశాడు. గడ్డిలోకి వచ్చి నిలబడ్డాడు.

జెండా లేచింది.

ఇంజను అరిచింది. అరుపు మీద అరుపు... అరుపు లోపల సన్నగా ఈల. ఆగు తల్లీ. ఇంకొంచెం.

జెండా దిగింది.

నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను పట్టుకున్నాయి. కారు వెనక్కి కూర్చుంది — ఒక్క ఊపిరి — వెళ్లిపోయింది.

ఆ విసురుకి గడ్డి అంతా పడుకుంది. గులకరాళ్లు అతని కాళ్లకు తగిలాయి. కాలిన వాసన కోసం ముక్కు ఎగబీల్చాడు. లేదు. తడిమట్టి, అంతే.

"ఏం తోలిందయ్యా! టైమెంతో చూడూ, బోర్డు నీ వెనకాలే!"

అతను తిరగలేదు.

దూరంగా ఎర్ర చుక్క. రెండో గేరు. మూడో గేరు. అంత దూరం నుంచీ ఆ ఈల... తల్లిదిలాగే ఉంది. కాదు, కొంచెం వేరు. ఏమో.

పడుకున్న గడ్డి మెల్లగా లేస్తోంది.

ఒక పరక చివర మంచు బొట్టు. ఇంకా వణుకుతోంది.

ఇంకా రాలలేదు...