తెంపిన పోగు

కిటికీ ఎండలో నూలు దుమ్ము తేలుతోంది.

దిగదు. ఊరికే తిరుగుతుంది…

నీలం నగర్ రేకుల షెడ్డులో సిద్ధరాములు తన సాంచా, కరెంటు మగ్గం, ఆపాడు. టవల్ సగంలో ఉంది. పక్క సాంచాలు మాత్రం టకటకమంటూనే ఉన్నాయి. వాటికేం, వాటికి పిల్లలా జెల్లలా.

కూతురు ప్రణాలి స్టూలు మీద కూర్చుంది. పదేళ్లు. కొత్తగా మొలిచిన పొట్టి జుట్టు.

ఏడేళ్లప్పుడు, తెగిన పడుగు పోగును ఈ పిల్ల కళ్లు మూసుకుని అతికేది. షెడ్డంతా పని మానుకుని చూసేది.

ఆ ఏడే నెత్తురు క్యాన్సర్ వచ్చింది.

వెన్నులో సూది.

మళ్లీ సూది… రెండేళ్లు.

"బతికుంటే బలుసాకు తినొచ్చు. సూదుల కాగితం మీద సంతకం పెట్టుండ్రి" అంది భార్య బాలమణి. పెట్టాడు.

పిల్ల బతికింది.

బతికింది గానీ, చెప్పిన మాట చెప్పినట్టే జారిపోతోంది. మూడో తరగతి పుస్తకమే ఇంకా తెలియడం లేదు.

డాక్టరు విడమరిచి చెప్పాడు. మెదడు చుట్టూ ఒక కాపు ఉంటుంది. నెత్తుట్లో వచ్చే ప్రతిదాన్నీ లోపలికి రానివ్వదు, మందును కూడా. జబ్బు అక్కడ దాక్కోకూడదనే వెన్నులోంచి ఎక్కించాం. ఆ మందుకే కాపు పలచబడి ఉండొచ్చు, ఈ మరుపు అందుకే కావచ్చు.

గుడ్డ పలచబడడమంటే ఏమిటో సిద్ధరాములుకు ఒకరు చెప్పాలా?

"పోగు తెగితే అతుకుతం గద, సార్?"

డాక్టరు ఫైలు మూశాడు.

అప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం ఇదే. సాంచా ఆపుతాడు. ఎవరూ చూడకుండా ఒక పోగు తెంపుతాడు — తెగని పోగు, మంచి పోగు. నేసేవాడు చేయకూడని పాపం. వేళ్లకు గుర్తొస్తే తలకూ గుర్తొస్తుందని ఆశ. ఆశకు సిగ్గుండదు.

"అతుకు, బిడ్డా."

ప్రణాలి రెండు కొసలూ పట్టుకుంది. ఒకదానిమీద ఒకటి వేసింది. మెలిపెట్టింది…

ఆగింది.

"తర్వాతేంది, నాయినా?"

చూపించాడు. నిన్న చూపించినట్టే. మొన్న చూపించినట్టే. ఆ వేళ్లలో కొసలు మళ్లీ విడిపోయాయి.

పిల్ల కొసలకేసి చాలాసేపు చూసింది. పక్క పోగులన్నీ బిగువుగా, నున్నగా ఉన్నాయి. ఇదొక్కటే వేలాడుతోంది.

"మంచిగనే ఉండె గద ఇది. ఎవరు తెంపిండ్రు, నాయినా?"

సంతకం పెట్టిన చేయి అది. పోగు తెంపిందీ అదే. సిద్ధరాములు దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

పిల్ల జవాబు కోసం చూస్తోంది… ఏం అడిగిందో మరిచిపోయేదాకా చూస్తుంది.

కిటికీ ఎండలో నూలు దుమ్ము తిరుగుతూనే ఉంది. కొంచెం ఆ పొట్టి జుట్టు మీద దిగింది.