అందరికీ నలభై

ముటింటా మనసంతా మధ్యాహ్నం బస్సు మీదే ఉంది. చోమా ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న కూతురు లుయాండోని చూసి రెండు నెలలు దాటింది. కిందటిసారి దారంతో పిల్ల పాదం కొలుచుకుని వచ్చింది. ఆ కొలతకు కొన్న పసుపు చెప్పులు సంచిలో ఉన్నాయి.

ఆసుపత్రిలో ఆమె పనిచేసే పిల్లల వార్డుకు టాబ్లెట్ కంప్యూటర్ వచ్చాక సెలవు సంగతి కూడా అదే తేలుస్తోంది. ప్రతి బిడ్డ జ్వరం, నాడి, ఊపిరి అందులో ఎక్కించాలి. ప్రమాదం ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. అన్నీ ఆకుపచ్చగా ఉంటే మధ్యాహ్నం ముగ్గురు నర్సుల్లో ఒకరు వెళ్ళిపోవచ్చు. ఈ రోజు వంతు ముటింటాది.

"అంతా ఆకుపచ్చే. ఇక బయల్దేరు తల్లీ," అంది తోటి నర్సు చిముకా, టాబ్లెట్ చూపిస్తూ.

"అప్పుడే అందరి ఊపిరీ లెక్కపెట్టేశావా అక్కా?"

"కొత్త పెళ్ళికూతురిలా అడుగుతావేం? అందరికీ నలభై. నువ్వు మాత్రం ఏనాడు లెక్కపెట్టావు?"

ముటింటాకు నవ్వొచ్చింది. నిజమే. నిమిషం పాటు ఒక్క బిడ్డ దగ్గర నిలబడే తీరిక ఎవరికుంది? బిడ్డ నెమ్మదిగా కనిపిస్తే నలభై కొట్టేయడం ఆ వార్డు అలవాటు.

సంచి తగిలించుకుని వెళ్తుంటే, కిటికీ పక్క మంచం మీది తల్లి పలకరించింది. "సిస్టర్, మా వాడికి ఆకుపచ్చ వచ్చిందటగా. ఇక భయం లేదు కదా?"

ఏడు నెలల బిడ్డ. ఊరికే తల ఊపి వెళ్ళిపోవచ్చు. ముటింటా బిడ్డకు చుట్టిన చితెంగే గుడ్డ పక్కకు తీసింది. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. సంచి కింద పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టింది. అరవై నాలుగు.

ఆ అంకె కొట్టగానే ఎరుపు వచ్చింది. దాని కింద, ముగ్గురు నర్సులూ వార్డులోనే ఉండాలని వచ్చింది.

ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకు కబురు చేశాక చిముకా దగ్గరికొచ్చింది. "నువ్వు బస్సందుకోవాలనే నలభై కొట్టానే," అంది.

"తెలుసక్కా. పద, మిగతా వాళ్ళనీ లెక్కపెడదాం."

అన్ని మంచాలూ అయ్యేసరికి బస్సు వెళ్ళిపోయింది. బిడ్డ ఊపిరి కాస్త కుదుటపడ్డాక వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది.

"బస్సెక్కావా అమ్మా?"

"లేదు బంగారూ. వచ్చే ఆదివారం."

ముటింటా సంచిలో చెప్పుల్ని తడుముకుంది. "ఈలోగా అమ్మమ్మని మళ్ళీ పాదం కొలవమను. పెరిగి ఉంటుంది."

"పెరగలేదు," అంది లుయాండో. "నువ్వొచ్చేదాకా పెరగదు."

మధ్యాహ్నం నుంచీ ప్రతి అంకెనూ అనుమానించిన ముటింటా, ఈ ఒక్కటీ కొలవకుండానే నమ్మాలనుకుంది.