మొదటి వాక్యం నిజమేనా?

ఒక మాట చెప్పదగినది కావడానికి అది ఎందరికి వినబడాలి?

ఢిల్లీ రాజీవ్ చౌక్‌లో మెట్రో మారుతుండగా నన్ను నేను అడిగిన ప్రశ్న ఇది. గురుగ్రామ్‌లో ఆఫీసు, వైశాలిలో అద్దె ఫ్లాటు. ఆ రెంటి మధ్య ప్రయాణమే నేను చదువుకునే సమయం. చదివిన తత్త్వగ్రంథాల మీద చిన్న వ్యాఖ్యలు రాసి, అందరూ ఉండే ఆ పెద్ద సోషల్ మీడియాలోని నా పేజీలో పెట్టడం కొన్నేళ్లుగా అలవాటు. పాఠకులు వేలల్లో చేరారు. ఎందుకు చేరారో నాకు తెలుసు. తెరను వేలితో పైకి తోసుకుంటూ పోయే మనిషిని ఆపేది మొదటి వాక్యమే. అందులో కొంత గాయం ఉండాలి, కొంత రహస్యం ఉండాలి. అటువంటి వాక్యం కట్టడం నాకు చేతనయింది. చేతనైన పనిని వదులుకోవడం కష్టం.

‘బాల్కనీ’ సంగతి వేరు. అశోకా రోడ్‌లో ఒక ఆదివారం ఆంధ్ర భోజనం కోసం వరుసలో నిలబడినప్పుడు పరిచయమైన ఉదయ్‌కిరణ్ దాన్ని నడుపుతున్నాడు. ఏ పెద్ద కంపెనీ సొత్తూ కాకుండా, ఎవరి సర్వరు వారు నడుపుకుంటూ, అయినా ఒకచోటి మాట మరొకచోట కనబడేలా ముడిపడి ఉండే చిన్న సమూహాలు లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో ఇది ఢిల్లీ తెలుగువాళ్లది. పేరు పెట్టేటప్పుడు ఎవరో పల్లెటూరి మాటలు సూచిస్తే, మనముండేది ఫ్లాట్లలో కదా అని అతను ఈ పేరు ఖాయం చేశాడు. అక్కడ లైకుల లెక్క కనబడదు. రాతలు వచ్చిన వరుసలోనే ఉంటాయి. ఒక్కో వారం ఒక్కొక్క సభ్యుడు ‘చూసుకునే’ వంతు తీసుకుంటాడు: కొత్తవారిని పలకరించాలి, తగవు వస్తే సర్దాలి, అలికిడి లేనివారిని ఎలా ఉన్నారని అడగాలి.

నా వంతు వచ్చినప్పుడల్లా పని ఒత్తిడి అని తప్పించుకున్నాను. పెద్ద పేజీకి రాసినదాన్ని తెచ్చి బాల్కనీలో అతికించి, మరి అటు పెద్దగా చూసేవాణ్ణి కాదు. “పూర్తిగ ఇటే రారాదే అన్నా?” అని ఉదయ్‌కిరణ్ అడిగితే మాట మార్చేవాణ్ణి. ఆ వేలమంది లేకపోతే నేను రాసేవాడిగా మిగులుతానా అన్నది నా భయం. మెట్రోలో తట్టిన ప్రశ్న ఆ భయానికి కాస్త మర్యాదైన రూపం, అంతే.

ఒక శనివారం మౌనం మీద రాశాను. మొదటి వాక్యం: ‘ఈ వారమంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.’ నిజానికి ఆ వారమంతా మీటింగుల్లో గొంతు బొంగురుపోయేలా మాట్లాడాను. దాన్ని అబద్ధమని నేను అనుకోలేదు. వ్యాసంలోకి ఒక గుమ్మం అనుకున్నాను. పెద్ద పేజీలో పెట్టి, అలవాటుగా బాల్కనీలోనూ అతికించి, ఫోను సైలెంటులో ఉంచాను.

ఆదివారం ఉదయం ఆమ్లెట్టుకు ఉల్లిపాయలు వేయిస్తూ పాడుకుంటుండగా బెల్లు మోగింది. గుమ్మంలో ఉదయ్‌కిరణ్, చేతిలో కమలాపండ్ల సంచి. అతని పక్కన నేనెరగని ఒక పెద్దావిడ, చేతిలో స్టీలు క్యారియరు. వెనుక మా సెక్యూరిటీ గార్డు.

“సర్, ఆప్ ఠీక్ హైఁ న?” బాగానే ఉన్నానా అని అడిగాడు గార్డు, నన్ను ఎగాదిగా చూస్తూ.

“ఫోనెందుకు ఎత్తుతలేవన్నా? నిన్నటి సంది చేస్తున్న. పొద్దుగాల లేచి గురుగ్రామ్ నుంచి ఉరికొచ్చిన,” అన్నాడు ఉదయ్‌కిరణ్. అప్పుడు నా చేతిలోని అట్లకాడ అతని కంటబడింది. “ఆంటీ, పాడింది ఈయనే. నేను రేడియో అనుకున్న.”

“బాగానే పాడారు బాబూ. గొంతులో కఫం లేదు,” అంటూ ఆవిడ లోపలికి వచ్చేశారు. “నా పేరు సుభద్ర అండీ. మాది రాజమండ్రి. పక్క సెక్టారులో మా అమ్మాయి దగ్గర ఉంటాను. బాల్కనీలో పెసరట్టు అన్న పేరుతో రాసేది నేనే.”

పెసరట్టు! నా ప్రతి రాత కిందా ఒక ప్రశ్న వేసే పేరు. ఎవరో అల్లరి కుర్రవాడని అనుకున్నాను. ఒక్క ప్రశ్నకూ జవాబివ్వలేదు.

“ఈ వారం చూసుకునే వంతు నాది,” అన్నారావిడ. “ఎవరితోనూ మాట్లాడలేదని రాశారు. ఏమైందని అడిగితే పలకలేదు. మొన్నోసారి మిమ్మల్ని ఇంటి దగ్గర దింపానని ఈ అబ్బాయి చెప్పాడు. పదవయ్యా అన్నాను. మిరియాల చారు పెట్టి, అన్నం మెత్తగా వండాను.”

“అది వ్యాసానికి ఎత్తుగడ అండీ. మిగతాది చదివితే...”

“మిగతాదీ చదివానండీ, బావుంది. మొదటి వాక్యం నిజమో కాదో అదొక్కటే తెలియలేదు. నిజమేనా?”

“కాదు.”

కోప్పడతారనుకున్నాను. “హమ్మయ్య!” అని కుర్చీలో కూలబడ్డారు. “కాసిని మంచినీళ్లివ్వండి. మీ లిఫ్టులో ఎక్కితే నాకు కళ్లు తిరిగాయి.”

“హమ్మయ్య ఏంది ఆంటీ! నా సండే నిద్ర పోయె. ఈయనకు ఏదన్న శిక్ష వెయ్యాలె.”

“వేద్దాంలే. ఆ ఆమ్లెట్టు నీకు పెట్టమను. నేను గుడ్డు తినను.”

గార్డు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మేము ముగ్గురం చారన్నం తిన్నాం. ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఆ చారు మందులా పనిచేసింది. వెళ్లేటప్పుడు ఉదయ్‌కిరణ్ చెప్పులు తొడుక్కుంటూ, “వచ్చే వారం చూసుకునేది నువ్వే అన్నా. మళ్ల పని ఒత్తిడంటవా?” అన్నాడు. నేను ఖాళీ క్యారియరు అందుకుని సింకు వైపు తిరిగాను. సుభద్రగారు తమ ఫ్లాటు నంబరు చెప్పి, “క్యారియరు నిదానంగా ఇవ్వండి, కంగారేం లేదు,” అన్నారు.

తలుపు వేసి పెద్ద పేజీ తెరిచాను. గుండె గుర్తులు వేలల్లో ఉన్నాయి. ‘అద్భుతం సార్.’ ‘మీ మౌనానికి నమస్సులు.’ ఏమైందని అడిగినవారు ఒక్కరూ లేరు. అది వాళ్ల తప్పు కాదు. అడగాలనిపించేలా నేనెప్పుడూ రాయలేదు. వాక్యాన్ని వాక్యంగా ఇచ్చాను, వాళ్లు అలాగే పుచ్చుకున్నారు. రెండు చోట్లా పెట్టిన మాట ఒకటే. ఒకచోట మాత్రం ఎవరో నా కోసం బియ్యం కడిగారు.

క్యారియరు తోమాను. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది మా ఇంట్లో పట్టింపు. ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి ఇచ్చేవాళ్లం. డబ్బాలో పంచదార ఉంది. చెంచా చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. ఆవిడ దగ్గర నుంచి నాకు వచ్చింది ఈ గిన్నెలు మాత్రమే కాదు, ఇన్నాళ్ల ప్రశ్నలు కూడా.

బాల్కనీ తెరిచి ఆవిడ పాత ప్రశ్న ఒకటి వెతికాను. ఏకాంతం మనిషి ఎంచుకున్నది, ఒంటరితనం వచ్చి పడినది అని నేనెప్పుడో రాసినదాని కింద ఉంది: ‘సరేనండీ, లోపలున్న మనిషిది వాటిలో ఏదో బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది?’ ఎంతో చదివిన నాకు ఆ ప్రశ్న అప్పుడు చిన్నదిగా కనబడింది. ఇప్పుడు జవాబు రాశాను: ‘తలుపు తట్టి చూస్తే తెలుస్తుందండీ. ఈ ఉదయం మీరు తెలుసుకున్నట్టే.’ దాని కింద ఉదయ్‌కిరణ్‌కు మరొక మాట: ‘వచ్చే వారం చూసుకునేది నేనే.’

ఇక పెద్ద పేజీ మిగిలింది. ఆ వేలమందిని వదిలితే నేను తగ్గుతానా అని మరొకసారి తూచి చూసుకున్నాను. తగ్గితే తగ్గుతానని తేలింది. ఆ సంగతి నన్ను బాధించలేదు. అక్కడ చివరి రాత రాశాను. ‘నిన్నటి రాతలో మొదటి వాక్యం నిజం కాదు. నేను బాగానే ఉన్నాను. ఇకపై ఇక్కడ రాయను. రావాలనుకునేవారికి బాల్కనీ చిరునామా కింద ఇస్తున్నాను.’ ఇందులో ఎవరినీ ఆపే వాక్యం లేదు. అలాగే పెట్టేసి, ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేశాను.

తరువాత పంచదార వేసి, మూత బిగించి, క్యారియరు పట్టుకుని పక్క సెక్టారుకు బయలుదేరాను.