ఖాళీగా ఇవ్వకూడని పెట్టె

మా వంటింటి పై అరలో ఒక నల్లటి లక్కపెట్టె ఇరవై ఆరేళ్లు తిష్ట వేసింది. నాది కాదు, తొమెకో పిన్నిది. మా ఆయన మిత్సుగి లాస్ ఏంజెలెస్‌లో ఆవిడ ఇంట్లోనే అద్దెకుండేవాడు. మొదటి సినిమా వేషానికి ఆ ఇల్లు ఖాళీ చేసి బయల్దేరిన రోజు జేబులో బస్సు చార్జీలు తప్ప ఏమీ లేవట. పిన్ని ఆ పెట్టెలో అన్నం ముద్దలు, ఉప్పులో ఊరేసిన పండు పెట్టి పంపింది.

మా జపాన్ వాళ్లలో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వరు. పండో పచ్చడో పెట్టి ఇస్తారు. ఈ మహానుభావుడికి అది చాలలేదు.

"ఆవిడ అన్నం తిని నటుణ్ణయ్యాను. నా నటనలో సంపాదించిందే పెట్టాలి," అన్నాడు.

ఏం సంపాదించాడని? తోటమాలి, చాకలి, శత్రు సైనికుడు. ఏ పాత్రకూ పేరుండదు, సగం బొమ్మ కాకముందే చంపేస్తారు. సిగ్గుతో పెట్టె ఇవ్వలేదు. పెట్టె లేకుండా వెళ్లలేక ఆవిడ గడపే తొక్కలేదు. కొత్త సంవత్సరానికి నేనొక్కదాన్నే వెళ్లి, షూటింగు ఉందని అబద్ధమాడి వచ్చేదాన్ని.

నిరుడు, ఆయన అరవై ఒకటో ఏట, పేరున్న వేషం వచ్చింది. మొరియొకా అనే తాత. చివరిదాకా బతికే ఉంటాడు! సెట్లో ఆ తాత ఇంటి గేటుకు పేరు చెక్కిన చెక్క పలక బిగించారు. షూటింగయ్యాక అడిగి తెచ్చుకున్నాడు. బొమ్మ విడుదలయ్యాక పిన్ని దగ్గరికి వెళ్దామన్నాడు. ఈలోగా ఆవిడకు చూపు పోయిందని తెలిసింది. నాకు ఒళ్లు మండింది.

"ఇంకా ఆగండి. ఆవిడ సమాధి మీద పెట్టి వద్దురుగాని!" అన్నాను.

ఆ ఆదివారమే వెళ్లాం. తొంభై ఒక్కేళ్ల పిన్ని ఒళ్లో పెట్టె పెట్టాడు. ఆవిడ మూత తీసి తడిమింది.

"ఇదేంట్రా, చెక్కముక్కా?"

"నా పాత్ర పేరు పిన్నీ. ఇన్నాళ్లకి పేరిచ్చారు."

"నీకు పేరు లేదని ఎవడన్నాడ్రా? నువ్వు చచ్చిన ప్రతి సినిమాకీ వెళ్లా. వాడు మా మిత్సుగి అని హాలంతా వినేలా చెప్పా. ఒకసారి ఏడుస్తుంటే టిక్కెట్లు చింపేవాడొచ్చి మంచినీళ్లిచ్చాడు."

మా ఆయన తల దించుకున్నాడు.

"ఒక్క నారింజకాయ పడేసి తెస్తే అయిపోయేది కదరా వెధవా! దీనికోసమా నాకు మొహం చూపించలేదు? ఇప్పుడొచ్చావ్, చూడ్డానికి కళ్లేవి?"

ఆయన ఆవిడ చేతులు తీసుకుని తన చెంపలకు ఆనించుకున్నాడు.

"నాకెవరూ లేనప్పుడు అన్నం పెట్టావు పిన్నీ. నీవల్లే ఇంతవాణ్ణయ్యా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పిన్ని మీద నాకెంత కృతజ్ఞత పొంగిందో చెప్పలేను.

"ముసలాడివైపోయావురా," అంది పిన్ని, ఆయన ముడతలు తడుముతూ.

తర్వాత పలక తీసి దిండు కింద పెట్టుకుంది. బల్ల మీద వెతుక్కుని రెండు నిమ్మకాయలు పెట్టెలో వేసి ఆయన చేతికిచ్చింది.

"నేనూ ఖాళీగా ఇవ్వనుగా. పెట్టె మళ్లీ తెచ్చివ్వు."

మరుసటి ఆదివారం నేను చెప్పులు వేసుకునేలోపే ఆయన కారులో కూర్చున్నాడు, ఒళ్లో పెట్టె, అందులో ఒక నారింజకాయ.