నర్సవ్వ ఏం తింటుంది

నైవేద్యం దేవుడు నిజంగానే తింటాడా అన్న అనుమానం రాజనర్సుకు ఇరవై ఏళ్లుగా ఉంది. భక్తి లేక పుట్టిన అనుమానం కాదది. సూరత్‌లోని పర్వత్ పాటియాలో వాళ్లుండే ఒంటి గదిలో, బియ్యం డబ్బా పైన మార్కండేయ స్వామి పటం ముందు రోజూ చిన్న ఇత్తడి గిన్నెలో అన్నం, పప్పు పెట్టి, కళ్లు మూసుకుని వంద లెక్కపెడతాడు. కళ్లు తెరిచి చూస్తే గిన్నెలో ఒక్క మెతుకు తగ్గి ఉండదు. స్వామి తిన్నాడనే నమ్మాలి. నమ్ముతాడు కూడా. కానీ తింటే తగ్గాలి కదా అని లోపల ఎవరో చిన్నగా అడుగుతూనే ఉంటారు. పన్నెండు గంటలు మరమగ్గాల మోతలో నిలబడే మనిషికి అంత చిన్న గొంతు వినిపించనట్టు ఊరుకోవడం పెద్ద కష్టమేం కాదు.

సిరిసిల్ల పక్క పల్లె నుంచి పెళ్లయిన నెలకే భార్య నర్సవ్వతో సూరత్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లయింది. కొడుకు ఊరి బయట కామ్‌రేజ్‌లో పని చూసుకుని అక్కడే ఉంటున్నాడు. ఇక్కడ మిగిలింది రాజనర్సు, నర్సవ్వ, స్వామి.

ఆ ఎండాకాలం నర్సవ్వకు చేతులు సన్నబడి పొట్ట ముందుకొచ్చింది. ఈ వయసులో పురుడేందని పక్కింటివాళ్లు నవ్వారు. స్కానింగ్‌లో తేలింది పురుడు కాదు, కాలేయం నిండా నీటి బుడగలు. చిన్నవి శనగగింజంత, పెద్దవి నిమ్మకాయంత. పెద్దాసుపత్రి డాక్టరు తాపీగా చెప్పాడు. ఇది పుట్టుకతో ఒంట్లో ఉండే గుణం, మెల్లగా ఏళ్ల తరబడి పెరుగుతుంది, క్యాన్సర్ కాదు, ఇప్పుడే కోత అక్కర్లేదు. "కానీ ఈమె బరువు నలభై ఆరు కిలోలే. ఇంతకంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తుంది. నెల తర్వాత తీసుకురా. తిండి జాగ్రత్త."

తిండి సంగతి చెప్పే గదికి చీటీ రాసిచ్చాడు. గది ముందు పదిమంది కూర్చున్నారు, షిఫ్టు టైమవుతోంది. తిండి గురించి చెప్పడానికి మనవాళ్లకు నోళ్లు లేవా అనుకుని రాజనర్సు చీటీని జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

మనవాళ్లలో నోళ్లకు కొదవ లేదు. శనివారం భజన అయ్యాక మండలి పెద్ద కనకయ్య, గంగారాం, సదానందం ముగ్గురూ రాజనర్సు గది ముందు వరండాలో చాప వేసుకుని కూర్చున్నారు.

"లివర్ అంటే తాగుడు బీమారే," అన్నాడు సదానందం. ఆ రాష్ట్రంలో మందు దొరకదని చట్టం చెబుతుంది గాని, సదానందానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. "నిజం చెప్పు బావా. నువ్వు చాటుంగ తాగితే అక్కకు తగిలిందా ఏంది?"

"నేను సోడా సుత తాగను," అన్నాడు రాజనర్సు.

"సోడా! గదే నేను చెప్పేది," గంగారాం చాప మీద అరచేత్తో కొట్టాడు. "లోపట ఉన్నయి బుడగలు. అయ్యి యాడికెళ్లి అచ్చినయి? బుడగలున్నది తింటె బుడగలే అస్తయి. ఇడ్లి పిండి పొంగుతది, బంద్. పూరి ఉబ్బుతది, బంద్. ఈ గుజరాతోళ్ల ఖమన్ చూసినవా, ఒంటినిండ చిల్లులే. గా చిల్లులల్ల గాలి గాక ఏముంటది?"

వాదన రాజనర్సుకు సబబుగానే తోచింది. కనకయ్యకు వెనకటికి మూత్రపిండంలో రాయి పడింది కాబట్టి టమాట, పాలకూర, వంకాయ ఆయన తీయించేశాడు. పాలమీద పొంగు ఉంటుంది గనక పాలు పోయాయి. కోడిగుడ్డు శనివారం, సోమవారం ఎలాగూ లేదు, మిగతా రోజులకు మాత్రం ఎందుకన్నాడు గంగారాం. బుడగలో ఉన్నది నీళ్లే గనక మంచినీళ్లు కూడా సగానికి తగ్గించాలన్నాడు. సదానందం ఉదారంగా అన్నం, పప్పు, రొట్టె, పచ్చడి, అప్పడం ఉంచాడు.

"అప్పడం ఉబ్బుతది గద?" రాజనర్సు నెమ్మదిగా అడిగాడు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కాలిస్తె ఉబ్బుతది. పచ్చిదే తినాలె," అని తేల్చాడు కనకయ్య.

రాజనర్సు అంతా నోటుబుక్కు కాగితం మీద రాసి స్వామి పటం పక్కన అతికించాడు. తినకూడనివి ముప్పై ఒకటి, తినదగినవి ఐదు. ఈ సభ జరిగినంతసేపూ నర్సవ్వ లోపల స్టవ్వు ముందు నిలబడి సభ్యులకు రెండుసార్లు చాయ్ పెట్టింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని అక్కడెవరికీ తట్టలేదు.

నెల తర్వాత ఆసుపత్రి కాటా ముల్లు నలభై రెండు దగ్గర ఆగింది. రాజనర్సు కాటా పాడైందేమో చూడమన్నాడు. డాక్టరు చూడలేదు. "తిండి గదికి వెళ్లకుండా కదలొద్దు. పదిహేను రోజుల్లో బరువు పెరగకపోతే చేర్చుకుంటాను," అన్నాడు.

ఈసారి షిఫ్టు మానుకుని కూర్చున్నాడు. లోపల ఉన్నది పాతికేళ్ల పిల్ల, పేరు సింధూజ. వాళ్ల నాన్నది కూడా మగ్గం పనే, సూరత్‌లోనే అమ్రోలిలో పుట్టి పెరిగింది. రాజనర్సు కాగితం తీసి భక్తిగా ఆమె ముందు పెట్టాడు. ఆ పిల్ల చదువుతూ పెదవి కొరుక్కుంది.

"పచ్చి అప్పడమా? అరే బాప్‌రే! ఇది ఎవరు రాసిన్రు అంకుల్?"

"మా మండలోళ్లు, డాక్టరమ్మా."

"నేను డాక్టర్ కాదు. తిండి సంగతి చెప్తా, అంతే. సరే, ఆంటీ రోజుకు ఏమేం తింటది?"

"పొద్దున పాలు లేని చాయ్, రొట్టె. పగటీలి అన్నం, పప్పు, పచ్చడి. రాత్రి..."

"అంకుల్, నేను ఆంటీని అడిగిన."

"ఆమెకేం తెల్వది బిడ్డా, నేను చెప్తున్న గద."

"ఆంటీ తినంగ మీరు చూసిన్రా? మొన్న ఎంత తిన్నది? ఒక రొట్టెనా, సగమా?"

రాజనర్సు గుర్తు చేసుకోబోయాడు. ఇరవై ఆరేళ్లలో ఆమె వండడం చూశాడు, వడ్డించడం చూశాడు, గిన్నెలు తోమడం చూశాడు. ముందు స్వామికి, తర్వాత తనకు, తర్వాత కొడుక్కి. ఆఖరున ఆమె తినే వేళకు తను షిఫ్టుకు పోయి ఉంటాడు, లేదా నిద్రపోయి ఉంటాడు. ఆమె తినలేదని ఎప్పుడూ అనుకోలేదు. తిన్నదనే నమ్మాడు. స్వామి సంగతి నమ్మినట్టే. అక్కడైనా ఒక అనుమానం ఉండేది. ఇక్కడ అది కూడా లేకపోయింది.

నర్సవ్వ కొంగు సర్దుకుని మొదటిసారి మాట్లాడింది. "రెండేండ్ల సంది రెండు ముద్దలు మింగంగనే కడుపు గట్టిగైతది బిడ్డా. ఇగ పోదు. మిగిలింది పొద్దున చద్దిగ తిందామనుకుంట, అప్పుడు గంతే."

"మరి చెప్పలే?" అన్నాడు రాజనర్సు.

"నువ్వు అడగలే."

సింధూజ ఒక బొమ్మ గీసి చూపించింది. కాలేయం ఉబ్బి పక్కనున్న పొట్టను నొక్కుతోంది, అందుకే కొంచెం తినగానే నిండినట్టవుతుంది. మూడుసార్లు తినేది ఆరుసార్లు చేసి కొంచెం కొంచెం తినాలి. పప్పు, పెరుగు, గుడ్డు, పల్లీలు పడాలి. మంచినీళ్లు మానొద్దు, అన్నంతో కలిపి కడుపు నింపుకోకుండా మధ్య మధ్యలో తాగాలి. ఉప్పు తగ్గాలి, అంటే పచ్చడి, అప్పడం, అంగడిలో అమ్మే ఫర్సాణ్ చిరుతిళ్లు. తాగుడు జోలికి పోవద్దు. సోడా గ్యాసుతో కడుపు నింపుతుంది గనక వద్దు. ఎవరైనా ఆకుపసరు ఇస్తే డాక్టర్‌కు చెప్పకుండా తాగొద్దు.

"సోడా ఒక్కటి మావోళ్లు కరెక్టే చెప్పిన్రు," అని రాజనర్సు కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. "మరి ఏది తింటె బుడగలు కరుగుతయి బిడ్డా?"

"కరిగించే తిండి ఏదీ లేదు అంకుల్. ఆంటీకి బలం ఉండాలి, అంతే."

మండలికి ఈ మాట అసలు రుచించలేదు. ఇంత పెద్ద ఆసుపత్రిలో చదువుకున్న పిల్ల అన్నీ తినమని చెప్పడమేంటని గంగారాం బాధపడ్డాడు. కనకయ్య అసలు చిక్కు పట్టుకున్నాడు. "ఆరుసార్లా? పొద్దున ఆరింటికే తినాల్నా? స్వామికి పెట్టకముందు, నువ్వు తినకముందు ఇంటి ఆడిది తింటదా తమ్మీ?"

రాజనర్సుకు తప్పు చేసే ధైర్యం లేదు. ఊరుకునే ధైర్యం అంతకంటే లేదు. రెండు రోజులు ఆలోచించి స్వామికి షిఫ్టు మార్చాడు. ఎనిమిదింటి నైవేద్యంతో పాటు తన తిండినీ తెల్లవారుజామున ఐదున్నరకు జరిపాడు. స్వామి అభ్యంతరం చెప్పలేదు. ఆరింటికి నర్సవ్వ ముందు పళ్లెం పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"గట్ల చూస్తె ఎట్ల తినాలయ్యా? సిగ్గయితుంది."

"నేను ఇంకేం చూడను. పళ్లెం చూస్త."

పన్నెండు రోజులు చూశాడు. కాటా నలభై మూడున్నర చూపించింది. డాక్టరు చేర్చుకోలేదు.

ఆ మర్నాడు మగ్గాలకు సెలవు. రాజనర్సు నర్సవ్వను స్టవ్వు దగ్గరకు రానివ్వలేదు. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు కలిపి మందపాటి గిన్నె అడుగున చేత్తో ఒత్తాడు. ఒకవైపు మందం, ఒకవైపు పలచన. వేలితో చిల్లులు పొడిచి నూనె చుక్కలు వేశాడు. సర్వపిండి మాడు వాసన వరండా దాకా వచ్చింది.

నర్సవ్వ గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఇన్నేండ్లకు యాదికొచ్చిందా?"

ఇరవై ఆరేళ్ల కిందట సూరత్‌కు వస్తున్న రైల్లో ఆమె తెచ్చుకున్న మూడు సర్వపిండిల్లో రెండు అతడే తిని, మూడోది ఆమె సగం తుంపుకోబోతుంటే ఆ చేతి వంకే చూశాడు. ఆమె అదీ ఇచ్చేసింది. "బాకీ ఉన్న నీకు. దిగినంక నా చేత్తోని చేసి పెడ్త," అన్నాడు. దిగాక మగ్గం ఎక్కాడు.

ఇప్పుడు పలచటి వైపు తుంచి ఆమె పళ్లెంలో పెట్టాడు. ఆమె మెల్లగా నమిలింది. ఒక ముక్క, ఇంకో ముక్క. కొంచెం సేపటికి ఆగి, పావు వంతు మిగిల్చి మూత పెట్టింది. రెండు గంటల తర్వాత తింటానంది.

"ఎట్లున్నది?"

"ఉప్పు లేదు."

"గా పిల్ల తక్కువెయ్యమన్నది గద."

"తక్కువెయ్యమన్నది. నువ్వు అసలు వెయ్యలే," అంది నర్సవ్వ. "అయినా బాకీ తీరిందిలే."

రాజనర్సు మూత కాస్త ఎత్తి చూశాడు. నిజంగానే తగ్గింది.