లాకులో పెళ్లివారు

పెళ్లికి బయల్దేరిన లాంచీలో నదీ శాఖ మొత్తం ఎక్కింది. పెద్ద ఇంజనీరు మొదలుకొని నీటిమట్టం కొలిచే గేజి చూసే బాబాయి దాకా అందరూ కొత్త బట్టల్లో ఉన్నారు. రోజూ బురద బూట్లతో కనిపించే మనుషులు ఇస్త్రీ చొక్కాల్లో కనిపించేసరికి ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

పెళ్లికూతురు ఆ నది మీది లాకుకి ఇంజనీరు. ఆనకట్ట దగ్గర నీళ్లు పైన ఒక ఎత్తున, కింద ఒక ఎత్తున ఉంటాయి కనుక పడవలు లాకులో ఆగి పైకి లేవాలి. లాకంటే రెండు చివర్లా తలుపులున్న రాతి గది. పడవ లోపలికి రాగానే దిగువ తలుపులు మూస్తారు. ఎగువ తలుపుల తూములెత్తి నీళ్లు నింపుతారు. పడవ నీళ్లతోపాటు లేచి, పై నదిలోకి వెళ్లిపోతుంది. పై గట్టుకి ఆనుకునే రిజిస్ట్రారు ఆఫీసు. పెళ్లికొడుకు పళ్ల డాక్టరు. పొద్దున్నే వెళ్లి అక్కడ కూర్చున్నాడు.

పెళ్లి ఈ రోజే కావాలి. మర్నాటి నుంచి వరద డ్యూటీ. అది మొదలైతే వానలు వెనకపట్టేదాకా శాఖలో ఎవరికీ సెలవుండదు. ఇప్పటికే రెండుసార్లు తేదీ అనుకుని మానుకున్నారు. మొదటిసారి వరద ముందే వచ్చింది. రెండోసారి పెళ్లికూతురి నాన్న పోయాడు.

ఆ లాకు దగ్గర తలుపులు చూసుకునే మనుషులు ఇద్దరు. వాళ్లని ఎగువాయన, దిగువాయన అంటారు. ఎప్పుడూ ఒకరు గట్టు మీద ఉండాలి. కానీ పెద్ద ఇంజనీరు మనసు మెత్తన.

"ఒకణ్ణి గట్టు మీద వదిలేసి మిగతావాళ్లం పెళ్లికి పోతామా? కొత్త స్విచ్చు పెట్టె వచ్చిందిగా. పడవలోంచే నొక్కండయ్యా!" అన్నాడు.

దిగువాయన పడవలోంచే నొక్కాడు. వెనక తలుపులు బుద్ధిగా మూసుకున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఎగువాయన రెండో మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"కరెంటు పోయింది," అన్నాడు గేజి బాబాయి, తనకేం సంబంధం లేనట్టు.

కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే తీగ మీద చెట్టు పడిందనీ, సాయంత్రం దాకా రాదనీ చెప్పారు. చేత్తో తిప్పే పాత చక్రాలు ఉండనే ఉన్నాయి. అవి గోడ పైన ఉన్నాయి. గోడ తాటిచెట్టంత ఎత్తు.

"నిచ్చెనెక్కి వెళ్లరా ఒకడు!" అని కేకేశాడు పెద్ద ఇంజనీరు.

ఎవరూ కదల్లేదు. గోడకుండే, పదిమంది మోస్తేగాని కదలని ఇనుప నిచ్చెనని రంగు వేయడానికి ఊడదీసి, పైన గట్టు మీద ఆరబెట్టారు. వెనక తలుపులు నున్నటి ఇనుము, నాచు పట్టి జారుతున్నాయి.

"నిచ్చెన ఎవరు తీయమన్నారు?"

"నేనే సార్," అంది పెళ్లికూతురు.

పక్కనే ఉన్న ఆమె అమ్మ ముందు నవ్వింది. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. ఇంతటి నదికి నీళ్లొదిలే మనుషులు, వరదకి ఎదురు నిలిచే మనుషులు, తమ తలుపులు తామే వేసుకుని బావిలో కప్పల్లా తలలెత్తి ఆకాశం చూస్తున్నారు.

పెళ్లికూతురు మాత్రం నవ్వుతూనే గడియారం చూసుకుంది. రిజిస్ట్రారు ఆఫీసు మధ్యాహ్నం దాకే. ఫోన్ తీసింది.

"ఎక్కడున్నావ్? ఇక్కడ రిజిస్ట్రారమ్మ గడియారం చూస్తోంది," అన్నాడు పెళ్లికొడుకు.

"లాకులో ఉన్నాం. అందరం."

"అందరూ అంటే?"

"తెరవడం వచ్చినవాళ్లందరూ."

అవతల కుర్చీ పడ్డ చప్పుడైంది. కాసేపటికి గోడ అంచున ఒక తల కనిపించింది. జుట్టు చెదిరి, టై వెనక్కి తిరిగిపోయి ఉంది. దాని పక్కనే ఇంకో తల. రిజిస్ట్రారమ్మ. చంకలో పెద్ద పుస్తకం ఉంది. పెళ్లికొడుకు సంతకం పెట్టకుండా పరిగెడితే తన ఉద్యోగధర్మం ఏమిటో తేల్చుకోలేక, వెంట పడి వచ్చేసిందట.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడతను.

పాతికమంది ఇంజనీర్లు ఒక్కసారిగా నోళ్లు తెరిచారు.

"ఎడమ చక్రం తిప్పు!"

"వద్దు! ముందు కుడి తూము!"

"ఎవరి ఎడమ?" అన్నాడు పెళ్లికొడుకు.

"నది ఎడమయ్యా! నది పోయే వైపు తిరిగి నిలబడితే నీ ఎడమచేతి వైపు!"

"నేను వీపు చూపిస్తే మీ మాటలు వినిపించవుగా?"

"పళ్లు పీకేవాడికి చక్రం తిప్పడం ఒక లెక్కా? పట్టి లాగు!"

"లాగకండి!" అని అరిచింది పెళ్లికూతురు. తూము ఒక్కసారిగా ఎత్తితే నీళ్లు విరుచుకుపడి లాంచీని గోడకేసి కొడతాయి. అది ఆమెకి తెలుసు, పడవలో అందరికీ తెలుసు. పైన ఉన్న ఒక్క మనిషికే తెలియదు. ఆమె గొంతు ఆ గోలలో కలిసిపోయింది.

అప్పుడు అమ్మ చేతిసంచి తెరిచి పట్టుకుంది. లోపల ఇత్తడి ఈల. పొద్దున ఏమీ అనకుండా వేసినట్టుంది.

అది నాన్నది. ఆయన ఈ లాకుకే మేస్త్రీ. నీళ్ల హోరులో మాట వినబడదని ఈలతోనే పని చేయించేవాడు. ఒక పొట్టి ఈల అంటే తూము ఒక పట్టు ఎత్తు. రెండంటే ఆపు. పొడుగాటి ఈల అంటే తలుపు తెరువు. ఆయన పోయాక దాన్ని ఎవరూ ఊదలేదు.

పెళ్లికూతురు ఈల నోట పెట్టుకుంది. ఒకసారి ఊదింది.

పైన పెళ్లికొడుకు మారు మాట్లాడకుండా దగ్గరి చక్రం దగ్గరికి వెళ్లి, మెల్లగా, పన్ను పీకే ముందు చిగురు తడిమినంత జాగ్రత్తగా, ఒక పట్టు తిప్పాడు. తలుపు అడుగున నీళ్లు బుసకొట్టాయి. లాంచీ ఊగింది. పెద్ద ఇంజనీరు గేజి బాబాయిని కావలించుకున్నాడు. ఆమె రెండుసార్లు ఊదింది. చక్రం ఠక్కున ఆగింది.

"ఓరి! ఈయనకెలా తెలుసు?" అన్నాడు ఎగువాయన.

ఆమెకి తెలుసు. రెండేళ్లు, ప్రతి సాయంత్రం, ఆమె డ్యూటీ దిగేదాకా అతను ఈ గట్టు మీదే కూర్చునేవాడు. పక్కన నాన్న. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. నాన్న ఈల ఊదేవాడు, అతను అర్థం చెప్పేవాడు, తప్పితే నాన్న విరగబడి నవ్వేవాడు.

ఒక పొట్టి. రెండు. మళ్లీ ఒక పొట్టి. నీళ్లు పెరిగాయి. లాంచీ లేచింది. గోడ మీది నాచు గీతలు ఒకటొకటిగా మునిగిపోతుంటే గేజి బాబాయి క్రికెట్ స్కోరులా చదివాడు. దిగువాయన డాన్సు మొదలుపెట్టాడు. పడవ ఒరుగుతోందని అందరూ తిట్టి, తర్వాత తామూ కలిశారు. కిందినుంచి పైకి లేస్తున్న పెళ్లివారిని ఈల విని గట్టు మీదికి చేరిన జనం గుమిగూడి చూస్తున్నారు.

గోడ అంచు ఇంకా కాస్త పైనే ఉండగా రిజిస్ట్రారమ్మ గడియారం ఎత్తి చూపించింది.

"అమ్మాయ్, వేళ దాటిపోతోంది. తలుపు తీసెయ్యరాదూ?"

"రెండు వైపులా నీళ్లు సమానం కాకుండా తలుపు తీయకూడదండి."

"పెళ్లి ఆగిపోతుందే!"

"ఆగినా తీయనండి," అంది పెళ్లికూతురు. అంటూనే పెళ్లికొడుకు వైపు చూసింది. అతను గ్రీజు చేతులతో చక్రం పట్టుకుని తల ఊపాడు. ఆమె మళ్లీ నీటి గీత వైపు తిరిగింది.

రిజిస్ట్రారమ్మ చుట్టూ ఒకసారి చూసింది. గోడ మీద బోర్లా పడుకుని పుస్తకం కిందికి చాచింది.

"నేనూ, పుస్తకమూ ఎక్కడుంటే అదే ఆఫీసు. పెట్టు సంతకం!"

పెళ్లికూతురు లాంచీ కప్పు మీదెక్కి మునివేళ్ల మీద నిలబడింది. ఎగువాయన ఒక కాలు, దిగువాయన ఒక కాలు పట్టుకున్నారు. సంతకం వంకరగా పడింది. పెళ్లికొడుకు సంతకం పక్కన నల్లటి బొటనవేలి ముద్ర కూడా పడింది. సాక్షిగా అమ్మ పెట్టింది. పెద్ద ఇంజనీరు పెట్టబోతూ అలవాటుగా "పరిశీలించాను" అని రాశాడు.

అప్పటికి నీళ్లు సమానమయ్యాయి. ఆమె పొడుగాటి ఈల ఊదింది. తలుపులు తెరవడానికి నెట్టే పొడుగాటి దూలాల్లో ఒకదాన్ని పెళ్లికొడుకు నెట్టాడు, రెండోదాన్ని రిజిస్ట్రారమ్మ చెప్పులు విడిచి మరీ నెట్టింది. ఎగువ నది ఎదురుగా తెరుచుకుంది, ఎండలో తళతళమంటూ.

"రేపు పొద్దున వరద డ్యూటీ, మర్చిపోకమ్మా," అన్నాడు పెద్ద ఇంజనీరు.

"వస్తాను సార్."

"నేనూ వస్తాను! ఒక మనిషి ఎప్పుడూ గట్టు మీద ఉండాలటగా?" అన్నాడు పెళ్లికొడుకు దూలం మీద వాలి రొప్పుతూ.

అమ్మ కూతురి పక్కకి జరిగింది.

"ఇంకొక్కసారి ఊదవే."

ఆమె ఊదింది. పొట్టిదీ కాదు, పొడుగుదీ కాదు. ఊపిరి ఉన్నంతసేపు, ఎగుడుదిగుడుగా, నవ్వు మధ్యలో తెగిపోతూ ఊదింది.

పెళ్లికొడుకు కంగారుగా చక్రం వైపు పరిగెత్తి, సగంలో ఆగిపోయాడు.

"ఇదేంటి? ఇది మామయ్య నాకు నేర్పలేదే!"